పరగడుపు అంకె

కరెంటు మూడింటికి గానీ రాదని ఏసోబు చెప్పాడు. చెప్పి, ఫ్యాక్సు మిషను మీద ప్లాస్టిక్ కవరు కప్పి, తన కుర్చీలో వెనక్కి వాలి ఓ పాత పరీక్ష అట్టతో విసురుకోవడం మొదలుపెట్టాడు. తిరువూరు బస్టాండు ఎదురుగా, ఎస్టీడీ, జిరాక్స్, ఫ్యాక్స్ అని మూడు రంగుల్లో రాసి ఉన్న ఆ ఇరుకు కొట్టులో, గోడవార బల్ల మీద హరిచందన కూర్చుంది. ఒళ్లో ఒకే ఒక్క కాగితం. దాని అడుగున ఆమె సంతకం. గంట కిందట నర్సింగ్ హోమ్ మేడ మీద తనే చేసింది, ఎవరూ చెయ్యి పట్టుకుని చేయించలేదు. గోడ గడియారంలో రెండూ ఐదు. నాలుగింటిలోగా ఆ కాగితం హైదరాబాదులో కంపెనీ ఆఫీసుకి చేరాలి, అక్కణ్ణుంచి ఢిల్లీ వెళ్లే ఫైల్లో చేరాలి, ఆ ఫైలు కదిలితే వచ్చే దీపావళికల్లా కంపెనీ కొత్త షుగరు మాత్ర ఊరూరా మందుల షాపుల్లో ఉంటుంది. ఇంకా యాభై ఐదు నిమిషాలు. ప్రభుత్వం కోత పెట్టి మరీ ఇచ్చిన తీరిక ఇది, కూర్చుని తనని తాను అసహ్యించుకోవడానికి.

ముందు వాసన తగిలింది. పక్క కొట్టు మామిడికాయల గోదాము. తలుపులు బార్లా తీసి ఉన్నాయి, లోపల పెట్టెల మీద పెట్టెలు, ఆ పెట్టెల్లోంచి కుళ్లిన వెల్లుల్లి వాసన, గొంతులోకి దిగి అక్కడే కూర్చునే వాసన. కార్బైడు. పెట్టెకో పొట్లం పెట్టి మూత బిగిస్తే రెండోనాటికి పచ్చికాయ పసుపు తిరుగుతుంది, మచ్చ లేకుండా, పెళ్లికూతురి మొహంలాగా. కోస్తే లోపల పులుపు, టెంక చుట్టూ తెలుపు. పైన పటారం లోన లొటారం. చిన్నప్పుడు సెలవులకి ఇక్కడికే వచ్చేది, రమాసుందరి పిన్ని ఇంటికి. పిన్ని అప్పట్లో బడిపంతులమ్మ. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లల తండ్రి ఎవరో రెడ్డిగూడెం తోటలోంచి ఏటా వంద కాయలు పంపేవాడు. వెనకగదిలో వరిగడ్డి పరిచి మాగవేసేవాళ్లు. మధ్యాహ్నం పూట పిన్ని గడ్డి తొలగించి ఒక్కో కాయ తీసి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసేది. ఇది పసుపొచ్చింది పిన్నీ అని తను తొందరపడితే, రంగు చూసి కాయ కోసేవాళ్లు మూర్ఖులే, నొక్కి చూడు అనేది. నొక్కితే వేలికి తెలిసేది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో రెండేళ్లు, మందుల కంపెనీ ఉద్యోగంలో ఆరేళ్లు తలబద్దలు కొట్టుకుని నేర్చుకున్నది కూడా ఆ మాటకి మించి ఒక్క పిసరు లేదు, అయినా సంతకం చేసింది.

రంగుకీ తీపికీ సంబంధం లేదని ఎవరనగలరు. చెట్టున పండిన లక్ష కాయలు తెచ్చి లెక్క కట్టినా పసుపువన్నీ తియ్యనివే తేలతాయి. ఆ లెక్క చూపించి, కాబట్టి రంగు తెప్పిస్తే తీపి తెప్పించినట్టేనని ఎవరైనా అంటే రెడ్డిగూడెంలో తోటకాపరి కూడా నవ్వుతాడు. అదే మాట ఏసీ గదిలో గోడ మీద బొమ్మలు వేసి చెబితే టైలు కట్టుకున్న పెద్దమనుషులు తలలు ఊపుతారు. పరగడుపు షుగరు తక్కువున్నవాళ్లు గుండెజబ్బుతో తక్కువ చచ్చిపోతారు, నిజమే, ఎవరు కాదన్నారు. మా మాత్ర పరగడుపు షుగరు తగ్గిస్తుంది, అదీ నిజమే. కాబట్టి మా మాత్ర గుండెని కాపాడుతుంది, ఇదిగో ఇక్కడ, ఈ కాబట్టి దగ్గర, కార్బైడు పొట్లం ఉంది. ఒళ్లో కాగితం ఆ కాబట్టికి వేసిన ముద్రే. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. మరణాలకీ గుండెజబ్బులకీ బదులుగా పరగడుపు షుగరునే కొలమానంగా తీసుకోవచ్చుననీ, ఆ అంకె చక్కగా తగ్గింది కనుక ఈ చుట్టుపక్కల మాత్ర ప్రయోగంలో చేరిన నాలుగువందల పన్నెండు మందినీ ఇకపై వెంట ఉండి గమనించనక్కర్లేదనీ, గణాంకశాస్త్రం దీనికి అభ్యంతరం చెప్పదనీ. గణాంకశాస్త్రం అంటే ఇక్కడ హరిచందన. కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదమని ఊరికి చెప్పే కాగితం, పైగా ఆ కుక్కకి ఈత వచ్చునని పూచీ.

బయట కండక్టరు సత్తుపల్లి సత్తుపల్లి అని అరుస్తున్నాడు. కాగితం మీద చెమట చుక్క పడింది, అక్షరాల మీద కాదు, పక్కన. అక్షరాల మీద పడి ఉంటే బాగుండేదని అనుకుంది, అలా అనుకున్నందుకు మళ్లీ రోత పుట్టింది. తను చెయ్యాల్సిన పని చెమట చేసి పెట్టాలి కాబోలు.

లెక్క ఆమెకి తెలియక కాదు. ఓ అంకె చావుబతుకులకి బదులుగా నిలవాలంటే మాత్ర చేసే మంచీ చెడూ అంతా ఆ అంకె గుండానే నడవాలి, ఇంకో దొంగదారి ఉండకూడదు. ఒకే అంకె ఉన్న ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే, వాళ్లలో ఎవరు మాత్ర మింగారో ఎవరు ఉత్త బిళ్ల మింగారో తెలిసినంత మాత్రాన, ఎవరు బతుకుతారన్న జోస్యం మారకూడదు. సగం మందికి మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ల. ఎవరికేదో పోయిన నెల కోడ్ విప్పాకే తెలిసింది. ఆ రాత్రే ఆమె లెక్క వేసింది. ఒకే అంకె ఉన్నవాళ్లలో కూడా మాత్ర వైపు చావులు ఏడు, ఉత్త బిళ్ల వైపు ఒకటి. దొంగదారి ఉంది. మాత్ర చేసిన పనిలో నూటికి ఎన్ని వంతులు షుగరు గుండా నడిచిందో చెప్పే సూత్రం ఒకటి ఉంది, దానిలో వేసి చూస్తే కంప్యూటరు నూటికి నూట నలభై అంది, అటూ ఇటూ హద్దులు అడిగితే ఒక హద్దు సున్నా కంటే కింద. ఇంత చెత్త జవాబుకి ఒకటే అర్థం, ఈ అంకెని నమ్మొద్దని. పవనకుమార్‌కి చూపించింది. అతను విభాగం అధిపతి, ఆమెకంటే నాలుగేళ్లు చిన్న, గుంటూరువాడు, నవ్వుతూ మాట్లాడతాడు. "చందనగారూ, ఏడూ ఒకటీనే కదండీ. మాత్రకీ చావుకీ సంబంధం లేకపోయినా ఇలాంటి తేడా నూటికి ఏడుసార్లు ఊరికే వస్తుంది. ఐదులోపు వస్తే అప్పుడు మాట్లాడదాం." ఐదైతే నేరం, ఏడైతే యాదృచ్ఛికం. ఇంకొక్క మనిషి ఆ వైపు పోయి ఉంటే లెక్క ఐదులోపుకి దిగేది, పవనకుమార్ మాట్లాడేవాడు. ఆ ఇంకొక్కరి కోసం ఎదురుచూడకుండా గమనించడమే ఆపేద్దామంటున్నారు, అదీ తెలివి.

మాత్ర వైపు పోయిన ఏడుగురి కేసు షీట్లు నిన్న నర్సింగ్ హోమ్‌లో తీసి చూసింది. అచ్చు ఫారాల్లో గళ్లు, గళ్లలో తేదీలు, తేదీల ఎదుట అంకెలు, నూట ఎనిమిది, నూట నాలుగు, తొంభై ఆరు, చూడముచ్చటగా దిగుతూ. మార్జిన్లో మాత్రం పెన్సిల్‌తో సన్నటి రాత. కాళ్లు వాపు. మళ్లీ రెండు నెలలకి, వాపు ఎక్కువ. పడుకుంటే ఆయాసం. ఏడు షీట్లలోనూ అదే రాత, గుండె బలహీనపడినప్పటి గుర్తులు. నర్సు రిబ్కాది. "ఫారంలో వాపుకి గడి లేదు మేడమ్. పెన్నుతో రాస్తే షీటు పాడైందని డాక్టరుగారు తిడతారు, అందుకని పెన్సిల్‌తో రాశా" అంది ఆ పిల్ల, తప్పు చేసినట్టు. అక్కణ్ణుంచే ఫోన్ చేస్తే పవనకుమార్ అట్నుంచి నవ్వాడు. పెన్సిల్ రాతలు లెక్కలోకి రావండీ అన్నాడు. అంకె చూసి చెప్పమన్నాం గానీ పాదాలు చూసి చెప్పమన్నామా అన్నాడు. మీరు చెయ్యకపోతే రేపు ఇంకెవరైనా చేస్తారు, సీటుకి మనుషులు దొరక్కపోరు, మీ ఇష్టం అన్నాడు. ఆ చివరి మాట మెత్తగానే అన్నాడు.

అసలు ఆ అంకెలు మాత్రం ఏపాటి అంకెలు. నూట పది లోపు వచ్చినవాళ్లకి నర్సింగ్ హోమ్ వాళ్లు స్టీలు క్యారియరు ఇస్తారు, మూడు గిన్నెలది, మూత మీద మాత్ర పేరు చెక్కి. అందుకని పరీక్షకి రెండు రోజుల ముందు ఈ చుట్టుపక్కలంతా ఏకాదశే. అన్నం బంద్, కాకరకాయ రసం, జొన్నరొట్టె ముక్క. పరీక్ష అయిన పూటే సెంటర్లో పూరీ కూర. మాత్ర మింగినవాళ్లూ మానారు, బిళ్ల మింగినవాళ్లూ మానారు. డాక్టరుగారు మంచివారు, నెంబరు చూసి మురిసిపోతారు, ఆయన్ని నొప్పించడం ఎందుకని మానారు. నెల మొత్తం మీద రెండు రోజుల ఉపవాసం తప్ప ఇంకేమీ కొలవని అంకెని పట్టుకెళ్లి మనిషి ప్రాణానికి బదులుగా పెట్టారు. తిలాపాపం తలా పిడికెడు. ఆమె పిడికెడు ఈ ఒళ్లో ఉంది.

పొద్దున వినగడప వెళ్లింది, షేరు ఆటోలో, పత్తి గింజల సంచుల మీద కాళ్లు పెట్టుకుని. ఏప్రిల్‌లో పోయిన వెంకటప్పయ్య ఆఖరి ఫారం మీద ఇంటివాళ్ల వేలిముద్ర లేదు, అది వేయించుకోవాలి. ఆ ఫారంలో చావుకి కూడా విడిగా గడి లేదు. పరిశీలన నుంచి తప్పుకున్నారు అన్న గడిలో టిక్కు పెట్టాలి. తప్పుకోవడం. దారిలో ఎద్దులబండికి సైకిలు తప్పుకుంటుందే, అలా. నాగేశ్వరమ్మ పంచలో మంచం వాల్చి కూర్చోమంది, గ్లాసు మజ్జిగ ఇచ్చింది. మొగుడు పోయి నలభై రోజులు కూడా కాలేదు. అడక్కముందే లోపలికి వెళ్లి పాలిథిన్ కవరులో చుట్టిన రిపోర్టుల కట్ట తెచ్చి, ఒక్కొక్కటీ విప్పి మంచం మీద పరిచింది. అలమర మీద స్టీలు క్యారియరు ఉంది, స్టిక్కరు కూడా తియ్యలేదు. "చూడమ్మా, షుగరు మాత్రం ఆఖరుదాకా బాగానే ఉంది. పోయే ముందు వారం తీస్తే తొంభై ఎనిమిది. ఆయన ఏ పనైనా అంత శ్రద్ధగా చేసేవాడు." గొంతులో గర్వం. అదే భరించలేకపోయింది. ఏడ్చి ఉంటే, తిట్టి ఉంటే, మీరూ మీ మాత్రలూ అని ఆ కట్ట మొహాన కొట్టి ఉంటే మజ్జిగ దిగేది. పాదాలు పొంగాయా అని అడిగితే, "పొంగినయ్యమ్మా, చెప్పులు పట్టేవి కావు. డాక్టరుగారితో చెప్తే నెంబరు బాగుంది కదా, ఉప్పు తగ్గించమన్నారు. తగ్గించాం. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునేవాడు" అంది. అని, ఏదో తన వంటలోనే లోపం ఉన్నట్టు, "ఉప్పు ఇంకాస్త తగ్గించాల్సిందేమో" అంది. హరిచందన ఇంకు ప్యాడు తీసి ఆవిడ బొటనవేలు నొక్కి ముద్ర వేయించుకుంది. అంతా సక్రమంగా.

ఇంత చూసి వచ్చి ఒంటిగంటకి సంతకం ఎలా చేసింది. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏదైనా కారణం ఉందా అని వెతికింది. డాక్టరుగారు కూల్‌డ్రింకు తెప్పించారు. ఫ్యాను కింద కూర్చోబెట్టారు. మీలాంటి మనూరి పిల్ల ఇంత పై స్థాయికి రావడం అన్నారు. కలం మూత తీసి చేతికిచ్చారు. అంతే. బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. ఇచ్చిన చోట సంతకం చెయ్యడం చేతికి అలవాటు, చేసింది. లంచం తిన్నవాడికి కనీసం నోట్లో తీపి ఉంటుంది. తన నోట్లో ఇప్పుడు కార్బైడు వాసన తప్ప ఏమీ లేదు. ఏసోబు అట్ట ఊపడం ఆపి, "కాసిని మంచినీళ్లు తాగండి మేడమ్, మొహం అదోలా ఉంది" అన్నాడు. తాగింది. కుండలో నీళ్లకి కూడా ఆ వాసనే.

ఆలోచన ఇందాకణ్ణుంచి ఒకచోటికి వెళ్లబోయి వెనక్కి వస్తోంది. పొద్దున ఆరున్నర. పిన్ని వంటింటి గడప మీద కూర్చుని కాఫీ తాగుతోంది, కాళ్లు చాపుకుని. వెండిపట్టీలు లేవు. ఏమయ్యాయి పిన్నీ అంటే బిగుతవుతున్నాయని తీసేశానంది. హరిచందన కింద కూర్చుంది, ఆటకి పట్టుకున్నట్టు ఆ పాదం పట్టుకుని, చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. తీసింది. గుంట పడింది. పూడలేదు. పిన్ని వాళ్ల వీధి గురించి ఏదో చెబుతూనే ఉంది, ఎవరో గేటు ముందు పేడ వేస్తున్నారని, తను ఆ గుంటనే చూస్తోంది, తన వేలు పట్టేంత గుంట, ఒకటి రెండు మూడు అని లోపల లెక్కపెట్టుకుంటూ, ఇరవై దాకా లెక్కపెట్టినా అది అక్కడే ఉంది. నాలుగువందల పన్నెండు మందిలో రమాసుందరి నెంబరు నూట అరవై మూడు. కోడ్ విప్పినప్పుడు మొదట వెతికింది ఆ నెంబరే. మాత్ర వైపు. అది తెలిసి నెల. నెల రోజులూ రోజూ పిన్నికి ఫోన్ చేద్దామనుకోవడం, కోడ్ రహస్యం బయటపెట్టకూడదన్న నియమం గుర్తుచేసుకుని మానేయడం. నియమం ఎంత మంచి దుప్పటి.

లేచి ఫోన్ దగ్గరికి వెళ్లింది. ఫోన్‌కి కరెంటుతో పనిలేదు, ఈ మాట ఇంతసేపు ఎందుకు తట్టలేదో. మూడుసార్లు మోగాక పిన్ని ఎత్తింది.

"ఏమే చందూ, అన్నానికి రాలేదేం? చారు రెండుసార్లు వెచ్చబెట్టాను."

"పిన్నీ, ఆ మాత్ర ఇవాళ్టినుంచి వేసుకోవద్దు. రేపు పొద్దున్నే విజయవాడ వెళదాం, గుండె డాక్టరు దగ్గరికి."

"రేపు ఎలా కుదురుతుంది, ఎల్లుండి నాకు పరీక్ష. ఇవాళ్టినుంచి అన్నం కూడా మానేశాను. ఈసారి వంద లోపు తెస్తానని డాక్టరుగారికి మాటిచ్చాను."

"పరీక్ష సంగతి వదిలెయ్. నీ కాళ్లు పొంగుతున్నాయి."

"కాళ్లదేముందే, ఈ వయసులో పొంగవూ. అంకె బావుంది కదా." పిన్ని నవ్వింది. "నువ్వే కదే చెప్పావు. పోయినేడు మా ఇంట్లో కూర్చుని, షుగరు తగ్గితే జబ్బు తగ్గినట్టే పిన్నీ, మిగతావేం పట్టించుకోకు అని. నువ్వు చెప్పావనే చేరాను. వీధిలో ఇంకో నలుగుర్ని కూడా చేర్పించాను."

చెప్పింది. నిజమే. రసం కాయ జుర్రుకుంటూ, మోచేతి దాకా కారుతుంటే, నిర్లక్ష్యంగా చెప్పింది. పవనకుమార్ ఏసీ గదిలో చెబుతున్న మాటని అంతకు ఏడాది ముందే ఈ ఊళ్లో ఈవిడకి చెప్పింది. తొడిమ దగ్గర నొక్కి చూడమని నేర్పిన మనిషికి రంగు చూస్తే చాలని నేర్పింది. ఆవిడ టీచరు, మంచి విద్యార్థి కూడా, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది.

"నేను తప్పు చెప్పాను పిన్నీ" అంది. "అలా అంటే ఎలాగే" అంది పిన్ని మెల్లగా, బడిలో ఎవరో తప్పు లెక్క చేసినప్పుడు అన్నట్టు. "సరే, ముందు ఇంటికి రా" అని పెట్టేసింది.

హరిచందన బల్ల మీదికి వచ్చి కూర్చుంది. ఇంతసేపూ పవనకుమార్ మీదా డాక్టరు మీదా క్యారియర్ల మీదా పోసిన రోతంతా తిరిగి తిరిగి సొంతింటికి చేరినట్టు చేరింది. కాగితం తిప్పింది. వెనకవైపు తెల్లగా ఉంది. ఏసోబు జేబులోంచి పెన్ను అడిగి తీసుకుని రాయడం మొదలుపెట్టింది, తెలుగులో, పవనకుమార్‌కి తెలుగు చదవడం బాగానే వచ్చు. ఒకటి వేసి, వెంకటప్పయ్య, వినగడప, షుగరు తొంభై ఎనిమిది, పాదాలు వాపు. రెండు వేసి, అక్కమ్మ, గంపలగూడెం, నూట నాలుగు, వాపు. అంతోనయ్య. శివపార్వతి. కోటిలింగం. సైదులు. మంగతాయారు. షీట్లు చూడకుండానే అంకెలు వచ్చాయి, అంకెలు ఆమె ఎప్పుడూ మర్చిపోదు. ఏడుగురి అంకెలూ నూట పది లోపే, ఏడుగురూ లేరు అని కింద ఒక వాక్యం, దాని కింద, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను, మిగిలినవాళ్లని గమనించడం ఆపకూడదు అని ఇంకో వాక్యం. రాసి, వరసలో రాసుకుపోయే అలవాటున చెయ్యి దానంతటదే కింద ఎనిమిది అంకె వేసింది. వేసి, చుక్క కూడా పెట్టింది. పెన్ను నొక్కి పట్టి అడ్డంగా కొట్టేసింది, కాగితం చిరిగేంత గట్టిగా.

ఫ్యాను ఒక్కసారి మూలిగి తిరిగింది. గడియారంలో మూడింటికి రెండు నిమిషాలు తక్కువ. ఏసోబు కవరు తీసి, మిషను మీద దుమ్ము ఊది, కాగితం అందుకుని అలవాటుగా సంతకం ఉన్న వైపుకి తిప్పాడు.

"అటు కాదండి" అంది. "వెనకవైపు."

"సంతకం ఇటుంది కదా మేడమ్."

"వెనకవైపే పంపండి. అటు వద్దు."

అతను ఒకసారి ఆమెని చూసి, కాగితం తిప్పి పెట్టి నెంబరు నొక్కాడు. అవతల మిషను కీచుమని అందుకుంది. కాగితం మెల్లగా లోపలికి పోతోంది, వెంకటప్పయ్య, అక్కమ్మ, ఒక్కొక్కరూ. పక్క గోదాములోంచి పెట్టెలు లారీకి ఎక్కిస్తున్నారు. ఏడు పేర్లూ వెళ్లాయి, వాక్యాలు రెండూ వెళ్లాయి, ఆఖరున కొట్టేసిన ఎనిమిది కూడా వెళ్లింది. హరిచందన అప్పటికే ఆటో కోసం రోడ్డు మీద నిలబడి ఉంది.